మారింది పేరే... లెక్క పాతదే!

లెక్కల పుస్తకం తెరవగానే చాలా ఇళ్లలో ఓ చిక్కు. పిల్లలేమో ‘పాయింట్, లైన్, రే, యాంగిల్’ అంటారు. తెలుగు మీడియంలో చదివిన అమ్మానాన్నలకు అవి కొత్తగా వినిపిస్తాయి. ‘నాకు రాదమ్మా, ట్యూషన్లో అడుగు’ అనేస్తారు. నిజానికి ఆ లెక్క వాళ్లకి వచ్చు. మారింది పేరే!

పాయింట్ అంటే బిందువు. దానికి స్థానమే తప్ప పొడవూ వెడల్పూ ఉండవు. లైన్ అంటే సరళరేఖ. అది రెండువైపులా అంతులేకుండా సాగుతుంది. అందులో రెండు బిందువుల మధ్య ముక్కే రేఖాఖండం... పిల్లల భాషలో లైన్ సెగ్మెంట్. ఖండమంటే ముక్కేగా! రే అంటే కిరణం. ఒకచోట మొదలై, ఒకేవైపు అలా పోతూనే ఉంటుంది. సూర్యకిరణాన్ని తలచుకుంటే చాలు, నిర్వచనం బట్టీ పట్టక్కర్లేదు.

ఒకే బిందువు నుంచి రెండు కిరణాలు బయల్దేరితే ఏర్పడేది కోణం. 90 డిగ్రీలైతే లంబకోణం. అంతకన్నా తక్కువైతే అల్పకోణం, అదే అక్యూట్. 90 దాటి 180 లోపైతే అధికకోణం, అదే అబ్‌ట్యూస్. సరిగ్గా 180 అయితే సరళకోణం. గోడ గడియారం చూపించి చెప్పొచ్చు. ముల్లుల మధ్య ఒంటిగంటకు అల్పకోణం, మూడింటికి లంబకోణం, నాలుగింటికి అధికకోణం, ఆరింటికి సరళకోణం.

పిల్లలు ఎక్కువగా తికమకపడేది కాంప్లిమెంటరీ, సప్లిమెంటరీల దగ్గర. మొదటివి పూరక కోణాలు, రెండూ కలిస్తే 90. రెండోవి సంపూరక కోణాలు, కలిస్తే 180. పూరకమంటే నింపేది. ప్రాణాయామంలో గాలిని లోపలికి నింపుకోవడమూ పూరకమే! 50 డిగ్రీలను 90 దాకా నింపాలంటే 40 కావాలి, 180 దాకా అయితే 130. ఇక కత్తెర తెరిస్తే ఎదురెదురుగా కనిపించేవి శీర్షాభిముఖ కోణాలు. ఎంత తెరిచినా ఆ రెండూ సమానమే.

ఇల్లు కట్టేచోట మేస్త్రీ మూలమట్టం పెట్టి చూసేది లంబకోణమే. మూల నుంచి ఒకవైపు 3 అడుగులు, రెండోవైపు 4 అడుగులు కొలుస్తారు. ఆ చివర్ల మధ్య దూరం 5 అడుగులు వస్తే మూల సరిగ్గా కుదిరినట్టే. పైథాగరస్ సిద్ధాంతంగా పిల్లలు చదివేది ఇదే. మన శుల్బసూత్రాల్లోనూ ఈ సంగతి ఉంది. శుల్బమంటే కొలతకు వాడే తాడు.

పరీక్ష రాసేది ఇంగ్లిషు పేర్లతోనే కాబట్టి అవీ రావాల్సిందే. అందుకే ఓ కాగితం మీద పిల్లలు ఇంగ్లిషు పేరు, పక్కనే పెద్దలు తెలుగు పేరు రాస్తే సరి. ఇద్దరికీ రెండూ వచ్చేస్తాయి!