సెంట్రల్ లైను విషయమున నర్సు మాట చెల్లవలెను

తీవ్ర చికిత్సా విభాగమున రోగి మెడ యొద్ద గల పెద్ద సిరలోనికి సన్నని గొట్టమును చొప్పించి, దాని కొనను గుండె సమీపమునకు చేర్చుదురు. దీనినే సెంట్రల్ లైను అందురు. మందులు సత్వరము రక్తమున కలియుటకు ఇది మేలైన మార్గము. అయితే మందు పోవు త్రోవయే సూక్ష్మజీవులకును త్రోవ యగును. అట్లు కలుగు రక్త సంక్రమణము రోగి యింటినుండి తెచ్చుకొన్నది కాదు; చికిత్స చేయు చేతులనుండి వచ్చినది. దానిని విధి యని సరిపెట్టుకొనుట తగదు.

అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున 2003లో మొదలైన ప్రయత్న మొకటి ఇందుకు నిదర్శనము. అచ్చటి నూరింటికి పైగా ఐ.సి.యు.లు ఐదు నియమములను చేపట్టినవి: చేతులు కడుగుకొనుట, వైద్యుడు టోపి, మాస్కు, గౌను, గ్లౌజులు ధరించి రోగిని శుద్ధవస్త్రముతో నిండుగ కప్పుట, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మమును శుద్ధి చేయుట, వీలైనంత వరకు తొడ సిరను విడుచుట, అక్కర తీరిన గొట్టమును తీసివేయుట. వీనిలో క్రొత్తది యొక్కటియు లేదు. అయినను, 2006లో ప్రకటింపబడిన ఫలితముల ప్రకారము, వెయ్యి లైను దినములకు సగటున 7.7గా నున్న సంక్రమణములు 18 నెలల నాటికి 1.4కు దిగినవి. (నూరుగురు రోగులకు పదేసి దినములు గొట్టమున్నచో అవి వెయ్యి లైను దినములు.) నియమము తప్పిన వైద్యుని, ప్రాణాపాయ సమయమున తప్ప, ఆపివేయు అధికారమును అచ్చట నర్సున కిచ్చిరి. అసలు బలము అందే యున్నదని నా యభిప్రాయము.

మన దేశమున 2017 మే మొదలు 2018 అక్టోబరు వరకు 26 ఆసుపత్రులలో జరిగిన పరిశీలనమున ఈ సంఖ్య సుమారు 9గా తేలినది. నవజాత శిశువుల విభాగములందు మరింత హెచ్చు. నియమములు తెలియక కాదు. "సార్, గ్లౌజు మంచానికి తగిలింది, మార్చుకోండి" అని నిన్న మొన్న చేరిన స్టాఫ్ నర్సు పెద్ద సర్జనుతో అనవలెనన్న, ఆమె వెనుక సూపరింటెండెంటు నిలువవలెను. అట్టివారు కొలదిమంది.

గొట్టము వేయుట కొంతసేపటి పని. దానిని కాపాడుట రేయింబవళ్ల పని. సిరంజి తగిలించు ప్రతి పర్యాయము హబ్బును స్పిరిట్ దూదితో 15 సెకనులు గట్టిగ రుద్ది, ఆరనీయవలెను. దినమునకు 20 మారులు తెరచినచో ఒక్క రోగికి రుద్దుటకే 5 నిమిషములు! నలుగురు రోగులను ఒక్క నర్సున కప్పగించి, స్పిరిట్ దూదిని స్టోరుగది బీరువాలో తాళము వేసియుంచి, ఆమె రుద్దలేదని నిందించుట న్యాయమా? కట్టు తడిసినను, అంచు లేచినను వెంటనే మార్చవలెను. వేసవిలో కరెంటు పోయిన దినమున ఇది ఎన్ని మారులో చేయువారికే తెలియును.

"ఈ గొట్టము నేడు అవసరమా?" యను ప్రశ్న ప్రతి ఉదయము రౌండ్సులో వినబడవలెను. రక్తపు నమూనా తీయుటకు అనువుగ నున్నదని గొట్టమును నిలుపుట మనకు అలవాటైనది. కేసు షీటులో జ్వరము, నాడి వ్రాయు గడుల ప్రక్క దీనికొక గడి చేర్చి, దానిని పూరించు బాధ్యతను, వైద్యుని సమాధానము కోరు హక్కును నర్సునకే ఈయవలెను.