పాత కంప్యూటర్ – కొత్త పాఠం



1984లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ పథకం మొదలుపెట్టి, ఎంపిక చేసిన బడులకు బి.బి.సి. మైక్రో కంప్యూటర్లను ఇచ్చింది. వాటి మెమరీ 32 కిలోబైట్లే. స్విచ్ వేయగానే బేసిక్ భాషలో ప్రోగ్రాం రాయవచ్చు. ఆనాడు మన హాస్టళ్లలో చదివిన ఎంతమంది వాటిని ముట్టుకోగలిగారు?

ఈనాడు ఆ యంత్రాన్ని కొననక్కరలేదు. దానిలాగే పనిచేసే ‘బీబ్‌ఎమ్’ అనే ఎమ్యులేటర్ ఉచితంగా దొరుకుతుంది. విండోస్ కంప్యూటర్‌లో ఒకసారి ఎక్కిస్తే, తర్వాత నెట్ కూడా అక్కరలేదు.

పాతదెందుకని కొందరు అడగవచ్చు. ఇందులో మనం రాస్తేనే తెర కదులుతుంది. నాలుగు వరుసలు రాసి ఎక్కం వేయించిన పిల్లకు కంప్యూటరంటే బెరుకు పోతుంది.

పూర్వ విద్యార్థులారా! జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి హాస్టళ్లకు మీరు వాడి పక్కన పెట్టిన కంప్యూటర్ ఒక్కటివ్వండి. శాలువాల కన్నా అదే మేలు.