అప్పులేని చదువు

పల్నాటిసీమలో పిడుగురాళ్ల పేరు చెప్పగానే సున్నపు బట్టీలు మనస్సునకు తట్టును. ఆ బట్టీలలో రాయి కాల్చి, ఏనాటి కూలితో ఆనాటి పూట గడుపుకొను కుటుంబములు అనేకము కలవు. ఈ పట్టణమునకు ప్రభుత్వ వైద్య కళాశాల మంజూరై, 2021లో శంకుస్థాపన జరిగినది. బట్టీ కూలివాని కుమార్తె అట్టి కళాశాలలో చదువగలదా? భవనము ఎంత ఎత్తుగా లేచినను, దాని వాకిలి ఎవరికి తెఱచియుండునో నిర్ణయించునది రుసుమే.

2023లో మన రాష్ట్రమున ఐదు క్రొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. వాటిలో సాధారణ విభాగపు సీటునకు ఏటికి 15 వేల రూపాయలు, స్వయంపోషక విభాగమునకు 12 లక్షలు, ప్రవాస భారతీయుల విభాగమునకు 20 లక్షలు రుసుముగా నిర్ణయించిరి. ఆ సొమ్ము కళాశాలల నిర్వహణకు తోడ్పడునని ప్రభుత్వము తలచినది. కాని ఒకే తరగతి, ఒకే ఉపాధ్యాయుడు, మూడు వెలలు! కొద్ది మార్కులు తగ్గిన పేదబిడ్డకు ఆ పై రెండు విభాగములు ఉండియు లేనివే.

ఆంధ్ర రాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులుగారి బాల్యమును స్మరింపుడు. తండ్రి మరణింపగా తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను పోషించినది. కుమారుని పరీక్ష రుసుము మూడు రూపాయలకై ఆమె తన పట్టుచీరను తాకట్టు పెట్టినది. ఆ తల్లి త్యాగమునకు నమస్కరింపవలసినదే. కాని తల్లులచే చీరలు తాకట్టు పెట్టించు పద్ధతిని మెచ్చుకొనలేము.

ఈ కష్టమును గుర్తించియే 2008లో బోధన రుసుములను ప్రభుత్వము తిరిగి చెల్లించు పథకము ఆరంభమైనది. ఇంటిలో మొదటిసారి కళాశాల మెట్లెక్కినవారు దానివలన ఎందఱో చదువుకొనిరి. అయితే తరువాత చెల్లించుటలో ఒక చిక్కు కలదు. సొమ్ము ఆలస్యమైనచో కళాశాలవారు తల్లిదండ్రులను అడుగుదురు. తల్లిదండ్రులు వడ్డీవ్యాపారి గుమ్మమెక్కుదురు. 2024లో కేంద్ర ప్రభుత్వము పూచీకత్తు లేని విద్యాఋణముల పథకమును ఆమోదించినది. అదియు మేలే; కాని అప్పు అప్పే. చదువును దొంగలు దోచలేరందురు. అప్పుచేసి చదివినవాని తొలి జీతమును మాత్రము వాయిదాలు దోచుకొనును.

లాభము పొందువాడే ఖర్చు భరింపవలదా యని కొందఱు ప్రశ్నింతురు. పెద్ద జీతము పొందినవాడు పన్ను రూపమున ఎక్కువ చెల్లించును. వాయిదా అట్లు కాదు; పల్లెలో తక్కువ జీతమునకు సేవచేయు వైద్యునికిని, నగరమున లక్షలార్జించు వైద్యునికిని అది సమానమే. కనుక అప్పుగలవాడు పల్లె దారి పట్టుటకు జంకును. జర్మనీలో కొన్ని రాష్ట్రములు సెమిస్టరునకు 500 యూరోల వఱకు రుసుము విధించి చూచినవి. 2014 నాటికి అన్నియు దానిని ఎత్తివేసినవి.

కావున ప్రభుత్వ కళాశాలలో చేరునాడే రుసుము స్వల్పముగా నుండవలెను. వసతిగృహపు భోజనము, ప్రయాణపు ఖర్చు కూడ పేదవానికి అందుబాటులో నుండవలెను.

విద్యార్థులారా! ప్రజాధనముతో చదివినవాడు ప్రజలకు ఋణపడియుండును. ఆ ఋణమును బ్యాంకులో కాదు, బట్టీకూలివాని గుడిసెలో రోగి ప్రక్కన నిలిచి తీర్పవలెను.