గుడి దాటాక ఎడమకు

దారి చెప్పటం కూడా ఒక విద్యే. మా రామకృష్ణాపూర్‌లో ఏ టీకొట్టు దగ్గర ఆగి అడిగినా, "సీదా పోండ్రి సారూ, గుడొస్తది. గుడి దాటినంక ఎడమ దిక్కు తిరుగుండ్రి" అంటారు. ఎన్ని మీటర్లో చెప్పరు. చెప్పినా, స్టీరింగు పట్టుకున్నవాడు రోడ్డును కొలుచుకుంటూ పోలేడు కదా! గుడి అయితే వద్దన్నా కంటపడుతుంది.

ఇప్పుడీ పని కారులోని యంత్రం చేస్తోంది. 1981లో జపానులో హోండావారు అమర్చిన పెట్టె ఇలాంటివాటిలో తొలితరానిది. దానికి ఉపగ్రహాల సాయం లేదు. బండి ఎటు తిరిగిందో, ఎంత దూరం పోయిందో తానే లెక్కగట్టి పటం మీద చూపేది. అయితే పటం చూడాలంటే రోడ్డు మీదనుంచి చూపు తిప్పాలి. అది ప్రమాదం. తరువాత యంత్రాలకు నోరు వచ్చింది. వచ్చింది గాని, "రెండు వందల మీటర్ల తరువాత కుడివైపు తిరగండి" అనే మీటర్ల భాషే వచ్చింది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ 200 మీటర్లు 12 సెకన్లలో అయిపోతాయి. ఆ లోగా బొగ్గు లారీ ఒకటి అడ్డొచ్చిందా, మలుపు తప్పినట్టే.

మన దేశంలో చాలా వీధులకు పేరు పలక ఉండదు; ఉన్నా ఆ పేరుతో ఎవరూ పిలవరు. ఇది గమనించిన గూగుల్ సంస్థ 2009లో, ఇక్కడి దారులు చెప్పేటప్పుడు రోడ్డు పక్కన కనిపించే గుర్తులను కూడా చేర్చింది. 2018లో తెలుగులోనూ దారి చెప్పటం మొదలుపెట్టింది. అంటే యంత్రం కూడా చివరకు మన టీకొట్టు పద్ధతికే వచ్చిందన్నమాట!

అయితే గుర్తులు కూడా శాశ్వతం కావు. మా బొగ్గు సీమలో ఇది మరీ నిజం. గోదావరిఖనిలో 8 ఇంక్లైన్ కాలనీ ఉంది. గని పేరే అక్కడ చిరునామా. అదే ఓపెన్‌కాస్టు గని వచ్చిన చోట రోడ్డును పక్కకు మళ్లిస్తారు, ఊరే ఖాళీ అవుతుంది. నిన్నటి పటానికి ఇవాళ తవ్విన గొయ్యి తెలియదు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర ఒక కారు అసంపూర్తి వంతెన మీదనుంచి రామగంగా నదిలో పడి ముగ్గురు చనిపోయారు. ఫోనులోని పటం చూపిన దారినే వారు వెళ్లి ఉంటారని పోలీసులు అనుమానించారు.

కనుక కొత్త ఊరికి బయలుదేరినప్పుడు ఫోను పక్క సీటులోని వారి చేతికివ్వండి. నడిపేవారు వింటే చాలు. "గుడి వచ్చింది, ఇక తిప్పండి" అని వారు చెబుతారు. యంత్రం ముందుకు పొమ్మంటున్నా ఎదురుగా రోడ్డు అనుమానంగా కనిపిస్తే, బండి ఆపి దగ్గరలోని టీకొట్టులో అడగండి.