ఫ్లవర్‌హార్న్ చేపా, పంటకాలువా

నుదుటి మీద మూపురంలాంటి ఉబ్బుతో, అదృష్టం తెస్తుందన్న నమ్మకంతో తెలుగు ఇళ్లకు చేరిన ఫ్లవర్‌హార్న్, మధ్య అమెరికాకు చెందిన కొన్ని సిక్లిడ్‌లను, అంటే పిల్లలను కాచుకుంటూ తమ హద్దులోకి మరో చేపను రానివ్వని మంచినీటి చేపలను, 1990ల్లో మలేషియాలో సంకరపరచగా పుట్టిన చేప. దాని పోట్లాట గురించి చెప్పేవారు చాలామందే గాని, కాకుమాను వంటి డెల్టా ఊళ్లలో ఆ పోట్లాట చివరకు కాలువ దాకా పోగలదని గుర్తించేవారు అరుదు. అద్దంలో తన నీడనే శత్రువనుకొని పొడుస్తూ, అడుగున ఉన్న గులకరాళ్లను నోటితో ఎత్తి కుప్పపోసే ఈ చేప దాదాపు అడుగు పొడవు పెరిగి పదేళ్ల దాకా బతకగలదు కనుక, దానికి ఒంటరిగా కనీసం 250 లీటర్ల తొట్టి, విసర్జన నుంచి పుట్టే అమ్మోనియా అనే విషాన్ని సూక్ష్మజీవుల ద్వారా నైట్రేటుగా మార్చే గట్టి ఫిల్టరు, వారం వారం కొంత నీటి మార్పిడి తప్పవు. ఇవి సమకూర్చలేక జాలితో దాన్ని అక్కడి కొమ్మమూరు పంటకాలువలో వదిలితే ఆ జాలి దేశవాళీ చేపల పాలిట ముప్పవుతుంది. 1952లో మన దేశానికి తెచ్చిన మొజాంబిక్ తిలాపియా కూడా సిక్లిడే, అది చెరువుల్లో స్థిరపడి స్థానిక జాతులతో పోటీకి దిగింది. అందువల్ల బొటనవేలంత పిల్లను కొనేనాడే, పెరిగాక దాన్ని తిరిగి తీసుకొనే దుకాణం ఉందో లేదో కనుక్కోవాలి. తొట్టి బేరం ఆ తర్వాత.