గ్రంథాలయం మన గొంతునూ భద్రపరచాలి

ముస్లింలను గురించి మాట్లాడేవారు చాలామంది. ముస్లింలు చెప్పేది కూర్చుని విని, నమోదు చేసేవారు తక్కువ. స్వర్ణముఖి ఒడ్డున ఉన్న నాయుడుపేట వంటి పట్టణాలలో ఈ లోటు మరింతగా తెలుస్తుంది. 2022 ఏప్రిల్‌లో ఈ ప్రాంతం నెల్లూరు జిల్లా నుండి తిరుపతి జిల్లాలో చేరింది. కాగితాలలో జిల్లా మారినా ఇళ్లలోని మాట మారలేదు. బజారులో నెల్లూరు తెలుగు, ఇంట్లో తెలుగు కలిసిన ఉర్దూ మాట్లాడే మన పెద్దల పలుకుబడిని, బతుకు జ్ఞాపకాలను ఆ తరం ఉండగానే భద్రపరచాలి. ఆ పని ప్రభుత్వ గ్రంథాలయంలో, పాడ్‌కాస్ట్‌ల రూపంలో జరగాలని మేము కోరుతున్నాము.

పాడ్‌కాస్ట్ అంటే వీలైనప్పుడు ఫోనులో వినగల శ్రవ్య కార్యక్రమం. ఎవరి ఫోనులో వారే చేసుకోవచ్చు గదా, గ్రంథాలయమెందుకని కొందరు అడగవచ్చు. హదీసు విద్యలో సనదుకున్న స్థానం మనకు తెలియనిది కాదు. ఒక మాటను ఎవరు చెప్పారు, వారు ఎవరి నుండి విన్నారు అన్న గొలుసును పరిశీలించిన తరువాతనే పండితులు దానిని స్వీకరించారు. నేడు వాట్సాప్‌లో మన మీద తిరిగే మాటలకు సనదు లేదు. మనం తిప్పే మాటలకూ చాలాసార్లు ఉండదు. గ్రంథాలయంలో నమోదైన మాటకు చెప్పినవారి పేరు, ఊరు, తేదీ ఉంటాయి. సందేహం వస్తే సరిచూసుకోవడానికి పక్కనే పుస్తకాలుంటాయి.

ఈ కోరిక దయాభిక్ష కాదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మన ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున సెస్సు వసూలవుతున్నది. పన్నులో మన వాటా ఉన్నప్పుడు అల్మారాలోనూ మన వాటా ఉండాలి. 1935లోనే పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలను పల్లెలకు చేర్చారు. పాఠకుని వద్దకు పడవ వెళ్లిన చోట, శ్రోత వద్దకు గొంతు వెళ్లడం వింత కాదు.

చదవలేనివారికి ఈ అవసరం మరీ ఎక్కువ. 2001 జనగణనలో దేశ అక్షరాస్యత 65.1 శాతం కాగా, ముస్లింలలో అది 59.1 శాతమేనని సచార్ కమిటీ చూపింది. స్వాతంత్ర్యోద్యమంలో ముస్లింల పాత్రపై సయ్యద్ నశీర్ అహమ్మద్ గారి గ్రంథాలు, 'జల్‌జలా', 'వతన్' వంటి సంకలనాలు తెలుగులో ఉన్నా, అక్షరం రాని తల్లికి అవి అందలేదు. రచయితల అనుమతితో వాటిని చదివి వినిపించవచ్చు. వాటి పక్కనే మన ఊరి పెద్దల మాటలను నిలపవచ్చు.

సాధ్యమేనా అన్న సందేహానికి జహీరాబాద్ ప్రాంతం జవాబు చెప్పింది. అక్కడ దళిత మహిళలు 2008 నుండి సంఘం రేడియోను తమ చేతులతో, తమ యాసలో నడిపారు. పాడ్‌కాస్ట్‌కు రేడియో ప్రసారపు లైసెన్సు, టవరు కూడా అక్కరలేదు. తలుపు మూసుకోగల గది, ఒక ఫోను, చిన్న మైకు, ఓపికగా ప్రశ్నించే యువతీ యువకులు చాలు. పుస్తకాల బీరువాలున్న గదిలో ప్రతిధ్వని కూడా తక్కువ.

అయితే భయాలను తేలికగా తీసిపారేయరాదు. మాటను ముక్కలు చేసి విద్వేషానికి వాడుకునే కాలమిది. కనుక కొన్ని నియమాలు తప్పనిసరి. చెప్పేవారి సమ్మతిని వారి భాషలో వివరించి తీసుకోవాలి. రికార్డు చేసినది ముందుగా వారికే వినిపించాలి. వద్దన్న భాగం తొలగించాలి. పేరు వెల్లడించడం ఇష్టంలేని స్త్రీల వివరాలు గ్రంథాలయ రిజిస్టరులోనే ఉండాలి. స్త్రీలతో స్త్రీలే మాట్లాడే ఏర్పాటు కావాలి. పూర్తి ప్రతిని గ్రంథాలయం రెండు చోట్ల దాచాలి. ఎవరైనా ముక్కను వక్రీకరించిననాడు ఆ పూర్తి ప్రతియే మన సాక్ష్యం. చెవిటివారి కోసం ప్రతి సంచికకూ రాతప్రతి తోడు కావాలి. ఈ గది అన్ని వర్గాలదీ కావాలి. మన పొరుగువారి జ్ఞాపకాలలో మనమూ ఉన్నాము గదా!

ఏటా నవంబరు 14 నుండి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆలోగా జమాత్ పెద్దలు, ఉపాధ్యాయులు, యువజనులు కలిసి జిల్లా గ్రంథాలయ సంస్థకు వినతిపత్రం ఇవ్వాలి. జవాబు వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఈ శుక్రవారమే ఇంట్లో పెద్దవారి పక్కన కూర్చుని, వారి అనుమతితో ఒక గంట రికార్డు చేసి, పేరు, తేదీ రాసిపెట్టండి. గది దొరికిననాడు అల్మారాలో తొలిగా చేరవలసినవి అవే.