మనకు మనమే వేసుకునే మార్కులు

2025 ఫిబ్రవరి ఆరంభంలో సీబీఐ పదిమందిని అరెస్టు చేసింది. కళాశాలలకు గ్రేడు ఇచ్చే న్యాక్ తనిఖీ బృందం అధ్యక్షుడు, సభ్యులు వారిలో ఉన్నారు. గుంటూరు జిల్లాలోని ఒక విద్యాసంస్థకు ఏ ప్లస్ ప్లస్ గ్రేడు కోసం నగదు, బంగారం, ల్యాప్‌టాప్‌లు చేతులు మారాయన్నది ఆరోపణ. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. మన క్రైస్తవ కళాశాలలు కూడా అదే న్యాక్ ముందు నిలబడేవే కనుక దీన్ని పక్కింటి గొడవగా చూడలేము.

లంచం గురించి అందరూ మాట్లాడారు. నాకు దానికన్నా ముందున్న సంగతి ముఖ్యం. 1994లో ఏర్పడిన న్యాక్ పద్ధతిలో తొలి మెట్లలో ఒకటి స్వీయ అధ్యయన నివేదిక. పాఠాలు ఎలా సాగుతున్నాయో, పిల్లలు ఎక్కడ వెనకబడుతున్నారో కళాశాల తన గురించి తానే రాసుకోవాలి. అది అద్దంలాంటిది. అద్దంలో కనబడినదానికే మార్కులు వేస్తామంటే ఎవరు మాత్రం మచ్చ చూపిస్తారు? బృందం వస్తుందంటే గోడలకు రంగులు, ఫైళ్లకు కొత్త అట్టలు, ఎన్నడూ కూర్చోని కమిటీలకు మినిట్స్. పైసా లంచం ఇవ్వనిచోట కూడా ఈ హడావుడి తప్పదు. మీ సంఘంలో అధ్యాపకులుంటే అడిగి చూడండి.

ఇక మన వార్షిక నివేదికలు. ఎన్ని బాప్తిస్మాలు, ఎంత కానుక, ఎన్ని కూటాలు. అంకెలు అబద్ధమని అనను. కానీ ఆ ఏడు గుడికి రావడం మానేసినవారి లెక్క ఏ నివేదికలోనూ నేను చదవలేదు. హైదరాబాదు వెళ్లిన కుర్రాళ్లు అక్కడ ఏదైనా ఆరాధనకు వెళ్తున్నారా, మంచాన పడ్డ విధవరాలి గడప పెద్దలు ఎన్నిసార్లు తొక్కారు, వీటికి ఫారంలో గడి లేదు. రాసేది కాపరి, చదివేది కాపరి, ఆమోదించేది ఆయనకు కావలసినవారు. భోజనాలు సిద్ధమయ్యే వేళకు మనం చేతులెత్తేస్తాం.

ప్రకటన గ్రంథంలోని లవొదికయ సంఘం కూడా తన నివేదిక తానే రాసుకుంది. ఏడు సంఘాల్లో ఒక్క మెచ్చుకోలు మాటకైనా నోచుకోనిది అదే. చేతిలో చిల్లిగవ్వ లేని స్ముర్న లెక్క ప్రభువు దగ్గర వేరుగా ఉంది.

మార్చి ఆఖరుకు లెక్కలు ముగించే సంఘాలు ఖర్చులేని పని ఒకటి చేయవచ్చు. నివేదిక రాయకముందే, సంఘం వదిలివెళ్లిన మూడు కుటుంబాలను పెద్దలు, కాపరి వెంట లేకుండా, కలిసి కారణం అడగాలి. విన్నది విన్నట్టు రాయాలి. ఆడిటరు అభ్యంతరాల పేజీ కూడా నోటీసు బోర్డు మీదికి ఎక్కాలి. కాపరులకిది ఇబ్బందే. ఆ కుటుంబాలు ముందుగా చెప్పే పేరు తమదే కావచ్చు.